చమురు పడే కష్టం

మా ఆఫీసు పేరు ఒక్క గుక్కలో చెప్పలేం. అసాధారణ చమురు ఉత్పత్తి ప్రోత్సాహక రాయితీల అర్హతా నిర్ధారణ విభాగం, జిల్లా శాఖ. బోర్డు రాసిన పెయింటరు చోటు చాలక 'జిల్లా శాఖ'ను గోడ మలుపు తిప్పి రెండో వైపున రాశాడు. జనం మాత్రం కష్టాల ఆఫీసు అంటారు. ఆటో ఎక్కి ఆ పేరు చెబితే సరిగ్గా మా గుమ్మం ముందు దింపుతారు. నేను అందులో సీనియర్ అసిస్టెంటుని, పేరు భైరవమూర్తి. నా సర్వీసులో ఇంత న్యాయమైన విధానం చూడలేదని మొదట్లో నలుగురికీ నేనే చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోవాలంటే ఏ ఫారం నింపాలో ఇప్పుడు తెలియడం లేదు.

విధానం ఇది. నేలలో చమురు రెండు రకాలుగా ఉంటుంది. కొన్ని చోట్ల బావి తవ్వగానే దానంతట అదే పైకి తన్నుకొస్తుంది. కొన్ని చోట్ల రాతి పొరల్లో ఇరుక్కుని ఎంత బతిమాలినా రాదు. దాని కోసం అడ్డంగా తవ్వాలి, రాయి పగలగొట్టాలి, లోపలికి నీళ్లూ ఇసకా మందులూ కొట్టాలి. మొదటిది సాధారణ చమురు, రెండోది అసాధారణ చమురు. సులువుగా వచ్చేదానికి పూర్తి పన్ను కట్టండి, కష్టపడి తీసేదానికి కష్టాన్ని బట్టి తగ్గిస్తాం అంది ప్రభుత్వం. ఇందులో తప్పు పట్టడానికేముంది? కష్టపడేవాడికి కాస్త ఊరట ఇవ్వాలని ఎవరికి మాత్రం ఉండదు?

చిక్కంతా ఆ కష్టాన్ని కొలవడం దగ్గర వచ్చింది. దాని మీద రాజధానిలో నిపుణుల సంఘం పదకొండు నెలలు కూర్చుంది. రాతి గట్టితనం చూసే యంత్రాలు కొనాలంటే టెండర్లు పిలవాలి. టెండర్లు పిలిస్తే దక్కనివాళ్లు కోర్టుకెళతారు. ఎటూ పాలుపోక ఆలోచించగా ఆలోచించగా, అన్ని జిల్లాల్లోనూ సిద్ధంగా ఉండి, కొత్తగా కొనక్కర్లేని కొలమానం ప్రభుత్వం దగ్గర ఒక్కటే ఉందని సంఘం కనిపెట్టింది. అది తనిఖీ అధికారి. అధికారి స్వయంగా బావి దగ్గరకు వెళ్లాలి. అక్కడ తనకు కలిగిన కష్టానికి నూటికి ఇన్ని అని మార్కులు వేయాలి. దానికి కష్టాంకం అని పేరు పెట్టారు. నలభై దాటితే రాయితీ మొదలవుతుంది. నూరు వస్తే అసలు పన్నే లేదు.

మా జిల్లాకు ఆ కొలమానం జాయింట్ డైరెక్టర్ చంద్రమౌళీశ్వర్ గారు. ఆయన గురించి ఒక మాట ముందే చెప్పాలి. ఆయన లంచం తీసుకోడు. సిఫారసుకు లొంగడు, ఎవరింట్లోనూ పూట భోజనమైనా చేయడు. లంచగొండి అయితే ఈ కథ ఇంకోలా నడిచేదేమో, ఎవరో ఒకరు నాలుగు డబ్బులు చేతిలో పెట్టి బయటపడేవారు.

"భైరవమూర్తీ, అధికారి పొందిన అనుభూతియే ప్రభుత్వమునకు కలిగిన పరిజ్ఞానము," అన్నారాయన ఉత్తర్వు చదివిన రోజున. "ఇకమీదట నా మోకాళ్లు నావి కావు. ప్రభుత్వ ఆస్తి."

మా మొదటి దరఖాస్తు చినమేరక నుంచి వచ్చింది. కోనసీమలో కాలవ పక్కన ఊరు. అక్కడి బావిలో పదహారేళ్లుగా చమురు చెప్పిన మాట వింటూ వస్తోంది. కంపెనీ కూడా పదహారేళ్లూ పన్ను కట్టింది. కొత్త ఉత్తర్వు వచ్చిన వారానికల్లా ఆ బావి స్వభావం మారిపోయిందనీ, చమురు మునుపటిలా సహకరించడం లేదనీ, కాబట్టి అసాధారణంగా గుర్తించాలనీ కంపెనీ మేనేజరు దివాకర్ కాగితం పెట్టాడు.

మేం జీపులో వెళ్లాం. తారు రోడ్డు నున్నగా ఉంది. దివాకర్ ఊరి మొదట్లోనే కొబ్బరి బొండాలతో ఎదురొచ్చాడు. ఏసీ గదిలో కూర్చోబెట్టాడు. అరిటాకులో పన్నెండు రకాలు వడ్డించబోతే సారు వద్దని తన టిఫిన్ డబ్బా తెరిచారు. తర్వాత కంపెనీ వాళ్లు బావి దగ్గర చక్రం తిప్పి చూపించారు, చమురు బుడబుడ వచ్చింది. సారు ఫారం తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. అందులో గళ్లు ఇవి: స్థలము చేరుటలో ఇబ్బంది, ఆసన వసతి, ఎండ, దాహము, మనోవేదన. ఆయన ఒక్కో గడి దగ్గరా కళ్లు మూసుకుని తన లోపలికి తాను చూసుకుని మరీ అంకె వేశారు. మొత్తం పదకొండు వచ్చాయి. అందులో తొమ్మిది ఒక దోమ వల్ల వచ్చినవి.

దివాకర్ మొహం పాలిపోయింది. "సార్, మీకు ఏ ఇబ్బందీ కలగకూడదని మేం ఎంత జాగ్రత్త తీసుకున్నామో చూశారుగా!"

"చూచితిని. ఆ జాగ్రత్తయే ఫారములో ప్రతిఫలించినది," అన్నారు సారు జీపెక్కుతూ.

దివాకర్ మట్టి బుర్ర కాదు. ఒక్క మాటతోనే విషయం గ్రహించాడు. నెల తిరగకుండా చినమేరక రోడ్డు నాలుగు కిలోమీటర్ల పొడవునా పొక్లెయిన్లు దిగాయి. పైపుల మరమ్మతు అన్నారు. తవ్విన గోతులు తవ్వినట్టే వదిలేశారు. ఊళ్లోకి బస్సు రావడం మానేసింది. రెండోసారి తనిఖీకి వెళ్లినప్పుడు మా జీపు మూడో గోతిలో కూలబడింది. అక్కణ్నించి సారు పంట్లాం పైకి మడుచుకుని బురదలో నడిచారు. బావి దగ్గర కుర్చీ లేదు, నీడ లేదు, మంచినీళ్లు అడిగితే అయిపోయాయన్నారు. ఎక్కణ్నించో అద్దెకు తెచ్చిన ఒక కుక్క మేం ఉన్నంతసేపూ సారు వైపే చూసి మొరిగింది. దివాకర్ ఆయనకు కనీసం నమస్కారం పెట్టలేదు. మనోవేదన గడిలో పడాలని.

కష్టాంకం యాభై ఎనిమిది.

"ఇదియే అసలైన అసాధారణ చమురు," అన్నారు సారు తిరుగు దారిలో, చెప్పులు చేత్తో పట్టుకుని. ఆయన గొంతులో కొంచెం గర్వం కూడా వినిపించింది. తన శరీరం రాష్ట్ర ప్రగతికి పనికొస్తోందని అనుకున్నారు కాబోలు. నాకు మాత్రం జ్వరం వచ్చింది. నాకు కలిగిన కష్టానికి ఫారంలో గడి లేదు.

యాభై ఎనిమిది రుచి చూసిన కంపెనీ నూరు మీద కన్నేసింది. రోడ్డు ఇంకా పాడు చేయడానికి మిగల్లేదు కాబట్టి ఈసారి చమురునే కష్టపెట్టింది. తిన్నగా పైకి వచ్చే గొట్టాన్ని మూసేశారు. బావి అడుగు నుంచి పక్కకి తవ్వుకుంటూ ఊరి పొలాల కిందుగా కిలోమీటరున్నర పోయారు. అక్కడ రాయి కనిపిస్తే రాయిని పగలగొట్టారు, రాయి లేని చోట కూడా నియమం ప్రకారం పగలగొట్టారు. ఇంతా చేశాక ఓ పొద్దున దివాకర్ కోవా బిళ్లల పెట్టె పట్టుకుని పరుగున వచ్చాడు.

"సార్, సాధించాం. చుక్క కూడా రావడం లేదు!"

మేం వెళ్లి చూశాం. నిజమే, గంటన్నర చక్రం తిప్పినా గాలి తప్ప ఏమీ రాలేదు. ఎదురుచూపు, నిరాశ, ఆ పైన మళ్లీ అదే రోడ్డు. సారు నూటికి నూరు వేశారు, కోవా బిళ్ల మాత్రం ముట్టుకోలేదు. రాజధాని నుంచి ప్రశంసా పత్రం వచ్చింది. రాష్ట్రంలో ఇంత కష్టమైన బావి ఇంకొకటి లేదట. చుక్క రానప్పుడు పన్నెలా వస్తుందీ, పన్నే లేనప్పుడు రాయితీ దేని మీదా అని నేను ఒక నోటు పెట్టాను. దానికి జవాబుగా పై నుంచి వివరణ వచ్చింది: రాకుండా పోయిన చమురుపై దక్కవలసిన రాయితీని కంపెనీవారు తమకున్న ఇతర బావులలో సర్దుబాటు చేసుకొనవచ్చును. ఆ వివరణను నేను ఫైల్లో కుట్టి, పేజీ నంబరు వేసి, ఇంటికెళ్లిపోయాను.

అదీ కంపెనీ సంగతి. ఇక నూకరత్నం సంగతి చెప్పాలి. నిజానికి నేను ఇదంతా మొదలుపెట్టింది ఆమె కోసమే.

ఓ సోమవారం మధ్యాహ్నం యాభై ఏళ్ల ఆవిడ మా గుమ్మంలో నిలబడింది. చేతిలో నీళ్ల సీసా, చంకలో తడిగుడ్డ చుట్టిన ఆకుల కట్ట.

"కష్టాల ఆఫీసంటే ఇదేనాండి?"

"ఇదేనమ్మా. కానీ ఇక్కడ మనుషుల కష్టాలు చూడం. చమురు కష్టాలే చూస్తాం."

"నాదీ చమురు కష్టమేనండి," అని సీసా నా బల్ల మీద పెట్టింది.

సీసాలో అడుగున నీళ్లు, పైన నాలుగు వేళ్ల మందాన నల్లటి చమురు.

ఆమెది చినమేరక. అరెకరం ఆకుతోట. అవిసె చెట్లకు తమలపాకు తీగలు పాకించి, ఒక బోరు నీళ్లతో ఇరవై రెండేళ్లుగా పెంచుకొస్తోంది. భర్త పోయాక ఆ తోటే ఆమె బతుకు. చుట్టుపక్కల పెళ్లంటే తాంబూలాలకు ఆ ఆకే వెళుతుంది.

"నెల్రోజుల్నించీ మోటారేత్తే ఇదొత్తందండి," అంది. "తెలీక ఒక రోజు మళ్లకి ఒదిలేశానండి. మూడో రోజుకల్లా ఆకు పండిపోయి రాలిపోయిందండి. ఇప్పుడు ఒక్క వరసకి, పై ఊరి కుళాయి నించి బిందెల్తో మోసుకొచ్చి పోత్తన్నానండి. మిగతా తోటకి ఎన్ని బిందెలని మొయ్యనండి? ఇంకో నెల ఇలాగే అయితే తీగలు మొదలంటా చచ్చిపోతాయండి. మళ్లీ నాటితే ఆకు రావడానికి ఏడాది పడతాదండి. ఆ ఏడాది నేనేం తినాలండి?"

కట్ట విప్పి ఒక ఆకు నా చేతిలో పెట్టింది. నేను నమిలాను. కిరసనాయిలు స్టవ్వు మీద నాలుక పెట్టినట్టు అయింది. కిటికీలోంచి ఉమ్మేసి వచ్చి సీసా పట్టుకుని సారు గదిలోకి వెళ్లాను. ఆమెను కూడా తీసుకెళ్లాను. అది నేను చేసిన మొదటి పొరపాటు. నీటిపారుదల వాళ్ల దగ్గరకు పంపేసి ఉంటే ఆమె కాగితం అక్కడ హాయిగా ముసలిదయ్యేది.

సారు సీసాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

"ఇది చమురే. దీనిని ఎట్లు తీసితివమ్మా?"

"నేను తియ్యలేదండి, అదే వచ్చిందండి. స్విచ్చేశానండి."

"ఎన్ని స్విచ్చులు?"

"ఒకటేనండి."

"రాయి పగలగొట్టితివా? మందులు వాడితివా?"

"అయ్యో, తినే ఆక్కి మందులెలా కొడతానండి?"

సారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఒక్క స్విచ్చు. ఇది పరమ సాధారణ చమురు, భైరవమూర్తీ. జిల్లాలో ఇంతకన్న సులభోత్పత్తి లేదు."

"అది ఆళ్ల చమురండి బాబూ!" అంది నూకరత్నం. "కంపెనీ ఆళ్లు నా తోట కిందనించే తవ్వుకెళ్లారండి. ఆ రోజుల్లో గిన్నెలు గిలగిల్లాడిపోయాయండి ఇంట్లో. ఆళ్లనడగండి."

"అమ్మా, తర్కము వినుము," అన్నారు సారు. ఆయన కోప్పడలేదు. చిన్నపిల్లలకు ఎక్కం చెప్పినంత నెమ్మదిగా చెప్పారు. "కంపెనీవారికి చమురు రావడము లేదు. రావడము లేదని నేనే స్వహస్తములతో నూటికి నూరు వేసితిని. ప్రభుత్వము దానిని ఆమోదించినది. రాని చమురు నీ బోరులోనికి ఎట్లు వచ్చును? కనుక ఇది వారిది కాదు. నీ నేలలో, నీ బోరులో, నీ స్విచ్చుతో వచ్చినది గనుక ఇది నీది. నీవు ఉత్పత్తిదారువు."

ఆమె నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు వైపు చూశాను.

నాలుగు రోజుల్లో ఆమెకు నోటీసు వెళ్లింది, నా దస్తూరీతోనే. అనుమతి లేని సాధారణ ఉత్పత్తికి పూర్తి పన్ను కట్టాలి. కట్టేవరకు బోరుకు సీలు వేస్తారు. నోటీసులో ఉన్న అంకె తోట అమ్మినా తీరేది కాదు. అయితే చివర్లో ఒక వాక్యం ఉంది, ఉత్పత్తి కష్టసాధ్యమని భావించినచో పదిహేను రోజులలో తనిఖీ కోరవచ్చును. నలభై దాటి వస్తే ఆమె అసాధారణ ఉత్పత్తిదారు అవుతుంది. ఈ నోటీసు రద్దవుతుంది, సీలు ఉండదు. ఆ పైన పథకం కింద ప్రభుత్వమే ఇంకో చోట లోతుగా కొత్త బోరు వేసి ఇస్తుంది. అంటే ఆమె తోట మొత్తం ఆ నలభై మార్కుల మీద ఆగి ఉంది.

నేను ఉండబట్టలేక ఆదివారం చినమేరక వెళ్లాను. ప్రభుత్వోద్యోగి అలా వెళ్లకూడదు. అయినా వెళ్లాను.

"అమ్మా, మా సారు వచ్చినప్పుడు నువ్వు ఏమీ చేయకూడదు," అన్నాను. "కుర్చీ వేయకు. నీళ్లివ్వకు. వాకిలి ఊడవకు. వీలైతే మొహం చిట్లించుకో. ఆయన ఎంత బాధపడితే నీకు అంత మంచిది."

ఆమె నోరెళ్లబెట్టింది. "పెద్దాయన్ని ఎండలో నిలబెట్టేయాలాండి?"

"నిలబెట్టాలి."

"అంత దూరం నించి నా ఇంటికొచ్చిన మనిషిని?"

"ఆయన నీ ఇంటికి రావడం లేదమ్మా, నీ కష్టం కొలవడానికి వస్తున్నాడు. కంపెనీ వాళ్లు కుక్కని తెచ్చి కరిపించినంత పని చేశారు. నువ్వు ఊరికే ఉంటే చాలు."

"అలాగేనండి," అంది. ఆ అలాగే ఎంత బలహీనంగా ఉందో నాకు అప్పుడే తెలియాల్సింది.

తనిఖీ రోజు మొదటి గొయ్యి దగ్గర జీపు ఆగింది. నాకు లోలోపల సంతోషం. ఆ రోడ్డు మీదే పాతిక మార్కులు గ్యారంటీ అనుకున్నాను. దిగి చూస్తే గోతి మీద రెండు కొబ్బరి దుంగలు పక్కపక్కనే పరిచి ఉన్నాయి, కాలు జారకుండా వాటి మీద గోనెలు కప్పి ఉన్నాయి. రెండో గోతి మీదా అంతే. ఇలా తోట దాకా పదిహేడు గోతులు. సారు చెప్పులకు తడి కూడా అంటలేదు. ఆమె తోటలో అవిసెల నీడన పంచాయతీ ఆఫీసు నుంచి తెచ్చిన చేతుల కుర్చీ వేసి ఉంది, దాని మీద ఉతికిన దుప్పటి. కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు. ఆ నీళ్లు పై ఊరి కుళాయివని, వాటిని ఆమె తలమీద మోసుకొచ్చిందని నాకు తెలుసు. తర్వాత మజ్జిగ వచ్చింది. దానిలో అల్లం, కరివేపాకు. ఆ తర్వాత ఇత్తడి పళ్లెంలో తాంబూలం. బిందెలతో బతికించుకుంటున్న ఆ ఒక్క వరస నుంచి కోసిన లేత ఆకులు.

సారు ఎవరింటి భోజనమూ ముట్టని మనిషే గానీ తాంబూలం కాదనలేకపోయారు. మడిచి దవడన పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

నేను ఆమెను పక్కకు పిలిచాను. ఒళ్లు మండిపోతోంది. "ఏమిటిది? నేనేం చెప్పాను?"

"మీరు చెప్పినట్టే ఉందామనుకున్నానండి," అంది తల దించుకుని. "పొద్దున్న లేచి ఊరుకుని కూచున్నానండి. కూచోలేకపోయానండి. గుమ్మంలోకొచ్చినోరికి నీళ్లియ్యకుండా ఎలాగండి? నాకు చేతకాదండి."

నేను చేయగలిగిందంతా చేశాను. "సార్, ఎండ?" అన్నాను. నీడ ఉన్నదన్నారు. "దోమలు?" ఒక్కటీ లేదన్నారు. "మనోవేదన? ఈ రాలిపోయిన తీగలు చూస్తే మీకేమీ అనిపించడం లేదా సార్?" అన్నాను. ఆయన నిజంగానే లేచి వెళ్లి ఎండిన తీగలను వేళ్లతో తాకి చూశారు. మొహంలో ఏదో కదిలింది.

"అనిపించుచున్నది," అన్నారు. "కానీ తాంబూలము తినిన వెంటనే కలిగిన జాలి అది. దానికి మార్కులు వేసినచో లంచము తీసుకొనినట్లే అగును."

మోటారు స్విచ్చు కూడా ఆయనే స్వయంగా వేశారు. చమురు ఒక్క క్షణం ఆలస్యం లేకుండా వచ్చింది. కష్టాంకం మూడు. ఆ మూడు కూడా సున్నం కాస్త ఎక్కువై నాలుక చురుక్కుమన్నందుకు. కింద రిమార్కుల్లో, ఇంత సౌఖ్యకరమైన తనిఖీ నా సర్వీసులో లేదు, ఉత్పత్తిదారు మర్యాద ప్రశంసనీయము అని రాసి, ఎంతో ఆదరంగా ఆ వాక్యాన్ని ఆమెకు చదివి వినిపించారు. ఆమె నమస్కారం పెట్టింది. మెచ్చుకున్నారు కాబట్టి పని అయిందనుకుంది.

ఫారం ఆ సాయంత్రం నా బల్ల మీదకు వచ్చింది. మూడుకు ముందు నాలుగు గీయడానికి నా పెన్నుకు అర క్షణం చాలు. నలభై మూడు అయ్యేది. ఎవరూ మళ్లీ కొలవడానికి వెళ్లరు. గీయలేదు. పదవీ విరమణకు పద్నాలుగు నెలలుంది, పింఛను కాగితాలు కదులుతున్నాయి. పెన్ను మూత పెట్టి ఫైలు పైకి పంపాను. ఈ కథలో ఫూల్స్ చాలామంది ఉన్నారు గానీ, తెలిసి చేసినవాణ్ని నేనొక్కణ్నే.

బోరుకు సీలు వేయడానికి కూడా నన్నే పంపారు. లక్క కరిగిస్తుంటే ఆమె నా పక్కనే నిలబడింది.

"ఎంతేశారండి నాకు?"

"మూడు."

"నూటికాండి?"

"నూటికి."

పంచనామాలో అభ్యంతరం ఉంటే రాయమని గడి చూపించాను. చదువు రాదంది. వేలిముద్ర వేసింది. పై వారం నుంచి పై ఊరి కుళాయి దగ్గర ఒక మనిషికి రెండు బిందెలే అని కట్టడి పెట్టారట. తీగలకు అది ఎటూ చాలలేదు. వర్షాకాలం వచ్చేలోగా ఆఖరి వరస కూడా ఎండిపోయిందని చినమేరక నుంచి వచ్చే పాలవాడు చెప్పాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. మర్నాడు మామూలుగానే తిన్నాను.

ఇలా ఏడాది తిరిగింది. కంపెనీ రాయితీ ఏటా కొత్తగా తెచ్చుకోవాలి. దానికి మళ్లీ తనిఖీ. ఈ మధ్యలో ఊళ్లో ఒక పురుటి మనిషిని మంచం మీద మోసుకెళ్లాల్సి వచ్చిందని, జనం విసిగిపోయి గోతులన్నీ ఇసుక బస్తాలతో పూడ్చేసుకున్నారు. రోడ్డు ఒక మోస్తరుగా బాగుపడింది. దివాకర్ గాబరాపడి, తనిఖీకి వారం ముందు, రోజు కూలికి ముప్ఫై మందిని పెట్టి మళ్లీ తవ్వించాడు.

మేం వెళ్లేసరికి పని ఇంకా జరుగుతూనే ఉంది. జీపు ఊరి బయటే ఆపేసి నడిచాం. సారుకి అప్పటికే అలవాటై గోతుల అంచులు చూసుకుని దాటుతున్నారు. పదో గోతి దగ్గర మాత్రం అంచు గట్టిగా ఉన్నట్టే కనిపించింది. కాలు పెట్టగానే విరిగిపడింది. సారు నడుం దాకా బురదలోకి దిగిపోయారు. కళ్లద్దాలు ఒక చోట, ఫారం ఒక చోట.

"అద్భుతము!" అన్నారు లోపల్నించే. "ఇట్టి గొయ్యి నేను పోయిన సంవత్సరము చూడలేదు."

"మా కొత్త మనిషి తవ్విందండి సార్," అన్నాడు దివాకర్ గర్వంగా. "అంచు కింద మట్టి తోడేసి పైన పొర అలాగే ఉంచుతుంది. మొత్తం గుంపులో ఈమెకే వచ్చు ఆ పని."

అటు చూశాను. పార మీద రెండు చేతులూ ఆనించి నూకరత్నం నిలబడి ఉంది. చిక్కిపోయింది. సారు చెయ్యి పైకి చాచారు. ఆమె కదల్లేదు. ఆ చేతి వంక చూస్తూ ఉండిపోయింది. నేనే ముందుకు వెళ్లి లాగాను.

కష్టాంకం నూరు. సారు చేతుల నిండా బురద ఉన్నా అంకె మాత్రం తిన్నగా వేశారు. దివాకర్ ఆయన్ని తుడవడానికి గుడ్డ కోసం ఎవరినో కేకేయబోయి, గుర్తొచ్చి మానేశాడు.

నేను వెనకబడ్డాను. ఆమె నా దగ్గరకు వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది.

"బాబుగారూ, ఆ రోజు నాకీ పని చేతనైతే, నా తోట నిలబడేదాండి?"

అబద్ధం చెప్పాలని చూశాను. ఏదో ఒకటి అనొచ్చు. చట్టం వేరమ్మా, నీ కేసు వేరమ్మా అనొచ్చు. ముప్ఫై ఏళ్లుగా జనానికి అలాంటివే చెప్పాను. కానీ ఆమె కళ్లల్లోకి చూస్తూ నోరు రాలేదు.

"నిలబడేదమ్మా," అన్నాను.

ఆమె తలూపింది. కొంగుతో మొహం మీద బురద తుడుచుకుంది.

"ఉంటానండి. సారు తిరిగెళ్లే దోవలో ఇంకా రెండు తవ్వాలండి," అని పార భుజాన వేసుకుని వెళ్లిపోయింది.